పెంటకుప్ప నుండి చెత్తకొండ వరకు: నగరం చెంత గ్రామాల పారిశుద్ధ్య చరిత్ర

మహబూబ్‌నగర్ ప్రాంతంలో ఉట్నూరు అనే ఊరి వద్ద ఒక పెద్ద బూడిద దిబ్బ ఉన్నది. ఇటువంటి దిబ్బలు దక్కను పీఠభూమిలో చాలా చోట్ల కనిపిస్తాయి. ఇవి పూర్వం రాక్షసులను దహనం చేసిన తావులని జానపదులు చెప్పుకొనేవారు. అగ్నిపర్వతాల బూడిద అని కొందరు, లోహాలు కరగించిన కొలుముల బూడిద అని మరికొందరు ఊహించినారు. 1957లో ఆల్చిన్ అనే పురావస్తు శాస్త్రజ్ఞుడు ఉట్నూరు దిబ్బను తవ్వించగా, అక్కడ కట్టెలు పాతి కట్టిన పశువుల దొడ్ల ఆనవాళ్ళు, నేలలో పశువుల గిట్టల ముద్రలు బయటపడినవి. బూడిదను సూక్ష్మదర్శినిలో పరీక్షించినప్పుడు అది కాలిన పేడ అని తేలినది. నాలుగు వేల ఏండ్లకు పూర్వం నూతన శిలాయుగంలో పశువులను పెంచిన మానవులు దొడ్డిలో పేరుకొన్న పేడను పోగుచేసి, అప్పుడప్పుడు నిప్పు పెట్టేవారన్నమాట.

రాజుల చరిత్ర శాసనాలలో దొరుకుతుంది. సామాన్యుల చరిత్ర మాత్రం తరచుగా వారు పారవేసిన వస్తువులలోనే దొరుకుతుంది. పగిలిన కుండ పెంకులు, కొరికి వేసిన ఎముకలు, బొగ్గు, బూడిద పురావస్తు శాస్త్రజ్ఞునికి పుస్తకం వంటివి. మన కాలపు దిబ్బలను వేయి ఏండ్ల పిమ్మట ఎవరైనా తవ్వి చూస్తే అందులో వారికి ఏమి దొరుకుతుంది? ఈ ప్రశ్నకు సమాధానం కావాలంటే, నగరానికీ దాని చుట్టూ ఉన్న గ్రామాలకూ మధ్య చెత్త అనే వస్తువు ఎట్లా ప్రయాణం చేసినదో తెలుసుకోవాలి.

పెంటకుప్ప శాస్త్రం

తెలుగు గ్రామంలో ఇంటింటికీ ఒక పెంటకుప్ప ఉండేది. పశువుల పేడ, కొట్టంలో పశువులు తినగా మిగిలిన చొప్ప, ఇల్లు ఊడ్చిన కసువు, పొయ్యిలోని బూడిద, కూరగాయల తొక్కలు అన్నీ దానిలోనికే పోయేవి. ఎండాకాలం చివర, తొలకరి వానలకు ముందు రైతు కుప్పను తవ్వి, పెంటను బండికెత్తి, చేనికి తోలేవాడు. ఎండిన చెరువు అడుగున తేరుకొన్న ఒండ్రుమట్టిని కూడా అదే ఋతువులో పొలాలకు తరలించేవారు. కోత కోసిన చేలలో గొర్రెల మందలను కట్టించి, వాటి ఎరువు కొరకు కాపరికి గింజలు కొలిచేవారు. ఈ పద్ధతిలో పారవేయడం అనే మాటకు చోటు లేదు. పొలం నుండి వచ్చినది పొలానికే తిరిగి పోయేది.

ఐతే ఆ కాలాన్ని స్వర్ణయుగంగా భావించడం పొరపాటు. పెంటకుప్పలు ఇండ్ల నడుమ, బావుల ప్రక్కన ఉండడం వలన ఈగలు, దోమలు పెరిగేవి. కుప్పలోని కల్మషం వానకు కరిగి బావిలోనికి దిగేది. కలరా, విరేచనాలు ప్రతి ఏటా ప్రాణాలను బలితీసుకొనేవి. అన్నిటికంటె గొప్ప అన్యాయం ఏమంటే, ఊరి కల్మషాన్ని ఎత్తే పని కులం పేరిట కొందరి తలపై మోపి, వారిని ఊరి వెలుపల ఉంచినారు. పారిశుద్ధ్యంలో ప్రజల భాగస్వామ్యం అన్నప్పుడు ఈ సంగతి మరవరాదు. కొందరు మురికి చేయడం, మరికొందరు ఎత్తడం భాగస్వామ్యం అనిపించుకోదు.

నగరం అమ్మిన ఎరువు

నగరాలు పెరిగినకొద్దీ వాటి కల్మషం కూడా ఒక సరకుగా మారినది. జపానులో ఎడో నగరం, అనగా నేటి టోక్యో, చుట్టూ ఉన్న రైతులు నగరవాసుల మలాన్ని ధర చెల్లించి కొనేవారు. పద్ధెనిమిదవ శతాబ్దంలో దాని ధర పెరిగిపోయి రైతులు ఆందోళన చేసిన సందర్భాలు కూడా ఉన్నవి. అమెరికా వ్యవసాయ శాస్త్రజ్ఞుడు ఎఫ్. హెచ్. కింగ్ చైనా, జపాను, కొరియా దేశాలలో పర్యటించి 1911లో వెలువడిన తన గ్రంథంలో ఒక లెక్క ఇచ్చినాడు. 1908లో షాంఘై నగరంలో ఒక కంట్రాక్టరు 78,000 టన్నుల మలాన్ని తీసుకొనిపోయే హక్కు కొరకు 31,000 డాలర్లు చెల్లించినాడట. నగరం ఖర్చు పెట్టి పారవేయవలసిన దానికి గ్రామం డబ్బిచ్చి తీసుకొనిపోయినది.

ఇదే సమయంలో లండను నగరం తన కల్మషాన్ని థేమ్స్ నదిలో కలిపినది. 1858 వేసవిలో నది దుర్గంధానికి పార్లమెంటు సభ్యులు సమావేశాలు జరుపుకోవడం కూడా కష్టమైనది. జర్మను రసాయన శాస్త్రజ్ఞుడు లీబిగ్, పొలాలకు చేరవలసిన భాస్వరం, నత్రజని సముద్రం పాలవుతున్నవని హెచ్చరించినాడు. నగరాల ముందు రెండు మార్గాలు ఉన్నవి. ఒకటి కల్మషాన్ని నేలకు తిరిగి ఇవ్వడం, రెండవది దానిని కంటికి కనిపించని చోటికి పంపడం. రెండవ మార్గంలో ఆ కనిపించని చోటు ఎవరో ఒకరి ఊరు అవుతుంది.

హైదరాబాదులో పారిశుద్ధ్యం

హైదరాబాదు నగరం 1591లో మూసీనది ఒడ్డున వెలసినది. అంతకు ముందు రాజధాని గోల్కొండ. కోటకు నీరు దుర్గం చెరువు నుండి మట్టి గొట్టాల ద్వారా వచ్చేది. పదహారవ శతాబ్దంలో నిర్మించిన హుస్సేన్ సాగరుకు నీరు తెచ్చిన బుల్కాపూర్ కాలువ నార్సింగి, పుప్పాలగూడ, మణికొండ, షేక్‌పేట, టోలిచౌకి, మెహదీపట్నం ప్రాంతాల మీదుగా ప్రవహించేది. అంటే నేటి నగరం పడమటి భాగం ఆనాడు చెరువులకు, కాలువలకు పరివాహక ప్రాంతం.

మొదటి సాలార్‌జంగ్ ప్రధానిగా ఉన్నప్పుడు 1869లో నగరానికి పురపాలక శాఖ ఏర్పడినది. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద వేలాది ప్రాణాలను తీసుకొన్నది. ఆ పిమ్మట వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య వరద నివారణకు జలాశయాలను సూచించడమే కాక, నగరానికి భూగర్భ మురుగు కాలువల అవసరాన్ని కూడా నొక్కి చెప్పినారు. 1911లో ప్లేగు వ్యాధి చెలరేగినది. మరుసటి ఏడు, 1912లో, నగరాభివృద్ధి సంస్థ ఏర్పడి ఇరుకు వాడలను విశాలం చేయడానికి పూనుకొన్నది. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తి అయినవి. 1933లో చాదర్‌ఘాట్ పురపాలక సంఘం హైదరాబాదులో కలిసి, నగరానికి కార్పొరేషన్ హోదా వచ్చినది. వరద, ప్లేగు రెండూ నేర్పిన పాఠం ఒక్కటే: ఒక వాడలోని మురికి ఆ వాడలోనే ఆగదు.

ఐతే ఈ సంస్కరణలన్నీ ప్రభుత్వం పైనుండి చేసినవి. నగరవాసి పన్ను కట్టేవాడే తప్ప పనిలో పాలుపంచుకొనేవాడు కాడు. నగరపు హద్దు దాటిన తరువాత చెత్త ఏమవుతుందో అతడు అడగవలసిన అవసరం కూడా రాలేదు.

కంపోస్టు వచ్చిన కథ

ఆ కాలంలోనే భారతదేశంలో చెత్తను గురించి గొప్ప పరిశోధన జరిగినది. సర్ ఆల్బర్ట్ హోవర్డ్, యశ్వంత్ వాడ్ అనే శాస్త్రజ్ఞులు ఇందూరు నగరంలోని పరిశోధనాలయంలో 1924 నుండి 1931 వరకు కృషిచేసి, రైతు పెంటకుప్పను శాస్త్రీయంగా మార్చినారు. దీనికి ఇందూరు పద్ధతి అని పేరు. ఎండుటాకులు, గడ్డి, పేడ, మట్టి, బూడిద పొరలు పొరలుగా పేర్చి, తగినంత నీరు చల్లి, అప్పుడప్పుడు తిరగవేయడం ఇందులోని విధానం. 1939లో బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో ఆచార్య అనే శాస్త్రజ్ఞుడు పట్టణాలకు తగిన మరొక పద్ధతిని రూపొందించినాడు. పట్టణపు చెత్తను, మలాన్ని గుంటలలో పొరలుగా వేసి, పైన మట్టితో కప్పివేస్తే, తిరగవేయకుండానే కొన్ని నెలలలో ఎరువు తయారవుతుంది. ఇది బెంగుళూరు పద్ధతి. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఆహారం కొరవడగా, ఆహారోత్పత్తి ఉద్యమంలో భాగంగా అనేక పట్టణాలలో కంపోస్టు గుంటలు వెలసినవి.

ఈ మార్పు ఎట్లా జరుగుతుందో విద్యార్థులు తెలుసుకోదగినది. చెత్తను ఎరువుగా మార్చేవి సూక్ష్మజీవులు. వాటికి శక్తి కొరకు కర్బనం, శరీర నిర్మాణం కొరకు నత్రజని కావాలి. ఎండుటాకులలో, గడ్డిలో కర్బనం ఎక్కువ. పేడలో, పచ్చి తొక్కలలో నత్రజని ఎక్కువ. సుమారు 30 పాళ్ళ కర్బనానికి ఒక పాలు నత్రజని ఉండేటట్లు కలిపితే సూక్ష్మజీవులు త్వరగా వృద్ధిచెందుతాయి. గాలి, తేమ చాలినంత ఉంటే కుప్ప లోపల వేడి 60 డిగ్రీల సెంటీగ్రేడు వరకు పెరుగుతుంది. ఆ వేడికి రోగక్రిములు, కలుపు గింజలు, ఈగ పురుగులు నశిస్తాయి. గాలి ఆడకపోతే వేరే జాతి సూక్ష్మజీవులు పనిచేసి, దుర్గంధాన్నీ, మీథేన్ వాయువునూ పుట్టిస్తాయి. మీథేన్ నిప్పంటుకొనే వాయువు. నూరేండ్ల వ్యవధిలో లెక్కిస్తే భూమిని వేడెక్కించే శక్తి దానికి బొగ్గుపులుసు వాయువు కంటె దాదాపు 28 రెట్లు ఎక్కువ. కనుక ఒకే అరటితొక్క పెరటి గుంటలో పడితే ఎరువు, చెత్తకొండ అడుగున పడితే నిప్పు.

గ్రామం కాగితంపై, నగరం నేలపై

గోల్కొండ కోట చేరువలో ఉన్న టోలిచౌకి, షేక్‌పేట ప్రాంతాల మార్పులో ఈ కథ స్పష్టంగా కనిపిస్తుంది. ఒకప్పుడు ఇవి నగరం వెలుపలి పల్లెలు. వీటి ఎగువన ఉన్న రాతిగుట్టలపై జూబిలీ హిల్స్ వెలసినది. 1937లోనే అక్కడ ఒక పురపాలక సంఘం ఏర్పడినా, జన సమ్మర్దం పెరిగినది 1960ల తరువాతనే. మద్రాసు నుండి తెలుగు చలనచిత్ర పరిశ్రమ క్రమంగా తరలివచ్చినది. 1970లలో అన్నపూర్ణ స్టూడియో వంటివి వెలసినవి. ఫిల్మ్ నగర్ ఏర్పడినది. 1990ల తరువాత పడమట హైటెక్ సిటీ పెరిగినకొద్దీ, పల్లెలన్నీ ఒకదానితో ఒకటి కలిసిపోయినవి.

గుట్టలపై కురిసిన వాన పల్లానికి వస్తుంది. పల్లంలో ఉన్నవి టోలిచౌకి, దాని సమీపాన ఉన్న షా హాతిం చెరువు. చెరువు చుట్టూ ఇండ్లు వచ్చినవి. మంచినీరు తెచ్చిన బుల్కాపూర్ కాలువ కొన్ని చోట్ల మురుగు కాలువ అయినది, కొన్ని చోట్ల మాయమైనది. కాలువలో పడిన చెత్త నీటిదారిని మూసివేస్తుంది. 2020 అక్టోబరు 13న హైదరాబాదులో ఒకే దినంలో దాదాపు 19 సెంటీమీటర్ల వాన కురిసినప్పుడు టోలిచౌకిలోని నదీం కాలనీ నీటిలో మునిగి, ప్రజలను పడవలపై తరలించవలసి వచ్చినది. అంత వాన సామాన్యం కాదు. ఐతే చెరువు విస్తీర్ణం తగ్గకుండా, కాలువ పూడకుండా ఉంటే నీరు నిలిచే కాలం తగ్గేదని చెప్పడానికి ఇంజనీరు కానక్కరలేదు. ఎగువవారు వదలిన చెత్త దిగువవారి ఇంటికి వరదగా రావడం ఇక్కడ కంటికి కనిపించే సత్యం.

నగరం 2007లో మరింత పెరిగినది. చుట్టూ ఉన్న 12 పురపాలక సంఘాలు హైదరాబాదులో కలిసి గ్రేటర్ హైదరాబాదు కార్పొరేషన్ ఏర్పడినది. 1951లో సుమారు 11 లక్షలుగా ఉన్న నగర జనాభా 2011 నాటికి కార్పొరేషన్ పరిధిలో 67 లక్షలు దాటినది. అప్పటికీ మణికొండ వంటి ఊళ్ళు పంచాయతీలుగానే ఉన్నవి. మణికొండ పురపాలక సంఘం అయినది 2018లో. అంతవరకు బహుళ అంతస్తుల భవనాల చెత్తను గ్రామ పంచాయతీయే చూసుకోవలసి వచ్చినది.

ఇందులోని చిక్కు రాజ్యాంగంలో కూడా కనిపిస్తుంది. 1993లో అమలులోనికి వచ్చిన సవరణలు గ్రామాలకు పదకొండవ షెడ్యూలును, పట్టణాలకు పన్నెండవ షెడ్యూలును చేర్చినవి. పట్టణాల జాబితాలో ఘనవ్యర్థాల నిర్వహణ అనే మాట స్పష్టంగా ఉన్నది. గ్రామాల జాబితాలో ఆరోగ్యం, పారిశుద్ధ్యం అని మాత్రమే ఉన్నది. గ్రామానికి చెత్త పెద్ద సమస్య కాదని ఆనాటి భావన కావచ్చు. పెంటకుప్ప ఉన్న గ్రామానికి ఆ భావన సరిపోతుంది. పశువులు, పెరడు, పొలం పోయి, ప్లాస్టిక్ వచ్చిన గ్రామానికి అది చాలదు.

బంధం తెగిన వేళ

నగరానికీ గ్రామానికీ మధ్య ఉన్న ఇచ్చిపుచ్చుకోలు ఎప్పుడు తెగినది? పాలిథీన్ 1933లో ఇంగ్లండులో పుట్టినది. మన దేశంలో దానితో చేసిన సంచులు 1980ల తరువాత వీధివీధికీ చేరినవి. అంతకుముందు పట్టణపు చెత్తలో ఎక్కువ భాగం కుళ్ళేదే. రైతు దానిని కోరి తీసుకొనేవాడు. చెత్తలో ప్లాస్టిక్, గాజుముక్కలు, బ్యాటరీలు, సూదులు కలిసిన తరువాత అది పొలానికి పనికిరాకుండా పోయినది. రసాయన ఎరువులు చౌకగా దొరకడం మరొక కారణం. రైతు వద్దన్న చెత్తను నగరం విడువలేదు. కొనేవాడు లేని సరకును ఊరి పొలిమేరలో కుమ్మరించడం మొదలైనది.

హైదరాబాదు చెత్త కొంతకాలం ఆటోనగర్ వద్ద పోగుపడినది. 2000ల తొలినాళ్ళ నుండి ఉత్తరాన ఉన్న జవహర్‌నగర్ ప్రధాన స్థలమైనది. మాజీ సైనికుల పునరావాసానికి ఏర్పడిన గ్రామం అది. సుమారు 339 ఎకరాల స్థలంలో నగరం చెత్త కొండవలె పెరిగినది. యూసుఫ్‌గూడ, ఇమ్లీబన్, దిగువ ట్యాంక్‌బండ్ వంటి కేంద్రాలలో పోగైన చెత్త లారీలలో అక్కడికి చేరేది. జూబిలీ హిల్స్ మేడలోని తొక్క, టోలిచౌకి దుకాణంలోని సంచి రెండూ చివరకు అక్కడే కలుసుకొనేవి.

చెత్తకొండపై వాన పడితే, నీరు పొరలలో ఇంకుతూ కరిగే పదార్థాలను వెంటతెచ్చుకొని అడుగున నల్లని ఊటగా బయటికి వస్తుంది. అందులో లవణాలు, అమ్మోనియా, కొన్ని లోహాలు ఉంటాయి. ఈ ఊట సమీపంలోని మల్కారం చెరువును, బావులను చెరచినది. ప్రజలు దుర్గంధాన్ని గురించి, నీటిని గురించి ఏండ్ల తరబడి ఫిర్యాదు చేసినారు. విషయం జాతీయ హరిత ట్రిబ్యునల్ వరకు వెళ్ళినది. పాత చెత్తకొండను మట్టితో, పొరలతో కప్పి మూసివేయడం, ఊటను శుద్ధిచేయడం ఆ తరువాత చేపట్టినారు. 2020లో 19.8 మెగావాట్ల విద్యుత్తును చెత్త నుండి తయారుచేసే కేంద్రం అక్కడ ప్రారంభమైనది. ఇవి అవసరమైన పనులే. ఐతే తడిసిన చెత్త సరిగా మండదు. వేరుచేయని చెత్తను కాల్చే యంత్రం ఎంత గొప్పదైనా, దాని శక్తిలో కొంత ఆ తడిని ఆరబెట్టడానికే పోతుంది.

మురుగునీటి కథ కూడా ఇటువంటిదే. నగరం దిగువన మూసీ ఒడ్డున రైతులు మురుగునీటితో వరి, ఆకుకూరలు, ముఖ్యంగా పశుగ్రాసం పండించినారు. ఆ గడ్డి మేసిన పశువుల పాలు తిరిగి నగరానికే వచ్చినవి. మురుగులోని నత్రజని, భాస్వరం పైరుకు బలం. పరిశ్రమల లోహాలు, రోగక్రిములు రైతుకూ, తాగేవారికీ హాని. నగరం ఏది పంపినా అది ఏదో ఒక రూపంలో తిరిగి వస్తుందనడానికి ఇది నిదర్శనం.

గ్రామం ప్రశ్నించినది

ఈ సమస్య హైదరాబాదుకు మాత్రమే పరిమితం కాదు. బెంగుళూరు శివారు గ్రామంలో నివసించిన అల్మిత్రా పటేల్ అనే ఇంజనీరు, తమ ఊరి త్రోవ ప్రక్కన నగరం చెత్త కుమ్మరించడం చూసి, ఇతర నగరాల పరిస్థితిని స్వయంగా పరిశీలించి, 1996లో సుప్రీంకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేసినారు. కోర్టు నియమించిన నిపుణుల సంఘం 1999లో నివేదిక ఇచ్చినది. దాని ఫలితంగా 2000 సంవత్సరంలో పట్టణ ఘనవ్యర్థాల నిబంధనలు వెలువడినవి. 2016 నాటి నిబంధనలు పట్టణాలను దాటి జనగణన పట్టణాలకు కూడా వర్తించినవి. తడిచెత్త, పొడిచెత్త, గృహంలోని ప్రమాదకరమైన చెత్త అనే మూడింటినీ ఇంటివారే వేరుచేయాలని అవి నిర్దేశించినవి. ఒక గ్రామం పొలిమేరలో పుట్టిన ప్రశ్న దేశమంతటికీ చట్టం తెచ్చినది.

కేరళలో తిరువనంతపురం చెత్తను మోసిన విళప్పిల్‌శాల గ్రామం 2011 చివర తన గేటు మూసివేసినది. అప్పుడు ఆ నగరం విధిలేక ఇండ్లలోనే కంపోస్టు కుండలు, గొట్టాలు వాడే పద్ధతికి మళ్ళినది. జపానులో కామికత్సు అనే చిన్న ఊరు చెత్తను ఆరుబయట కాల్చే అలవాటును మాని, 2003లో వ్యర్థరహిత గ్రామంగా ఉండాలని తీర్మానించి, చెత్తను దాదాపు 45 రకాలుగా వేరుచేయడం నేర్చుకొన్నది. పని పెరిగినా, అది తాము చేసుకొన్న నిర్ణయం కావడం వలన ప్రజలు దానిని నిలబెట్టినారు.

తెలుగునాట ప్రయత్నాలు

1990లలో హైదరాబాదు కార్పొరేషను స్వచ్ఛంద చెత్త సేకరణ పథకాన్ని ప్రారంభించినది. కాలనీ సంఘాలకు మూడు చక్రాల రిక్షాలు ఇచ్చినారు. సంఘం ఒక పనివానిని పెట్టుకొని, ప్రతి ఇంటి నుండి కొద్ది రుసుము వసూలు చేసి అతనికి ఇచ్చేది. వీధి శుభ్రపడినది. ఐతే రిక్షాలో చెత్త అంతా కలిసిపోయేది. భాగస్వామ్యం గుమ్మం నుండి వీధి చివర వరకే సాగినది.

నల్లగొండ జిల్లాలో భాగంగా ఉన్నప్పుడు సూర్యాపేట పట్టణం 2003 ప్రాంతంలో మరొక అడుగు ముందుకు వేసినది. సుమారు లక్ష జనాభా గల ఆ పట్టణంలో వీధి కుండీలను తొలగించి, ఇంటింటికీ వాహనం పంపి, తడి పొడి చెత్తలను వేరుగా తీసుకొన్నారు. తడిచెత్త వానపాముల ఎరువు అయినది. పొడిచెత్త అమ్మకమైనది. వరంగల్లులో 2012 అక్టోబరులో జరిగిన స్వచ్ఛ నగరాల పోటీ కొద్ది దినాలలోనే వేలాది కుటుంబాలకు చెత్తను వేరుచేయడం నేర్పినది. హైదరాబాదులో 2015 నవంబరు నుండి సుమారు రెండు వేల స్వచ్ఛ ఆటోలను, ఇంటికి రెండు చొప్పున 44 లక్షల బుట్టలను పంపిణీ చేసినారు. ఆకుపచ్చ బుట్ట తడిచెత్తకు, నీలి బుట్ట పొడిచెత్తకు. ఎన్నో ఇండ్లలో ఆ బుట్టలలో బియ్యం, బట్టలు చేరినవి. బుట్ట ఇవ్వడం సులభం, అలవాటు ఇవ్వడం కష్టం అని ఈ అనుభవం చెబుతున్నది.

గ్రామాలలో వరంగల్లు ప్రాంతపు గంగదేవిపల్లి పేరు ప్రసిద్ధం. ఆ ఊరివారు తాగునీరు, పారిశుద్ధ్యం, విద్య వంటి పనులకు వేర్వేరు సంఘాలు ఏర్పరచుకొని, గ్రామసభలో లెక్క చెప్పే పద్ధతి పెట్టుకొన్నారు. అక్కడ నియమాన్ని చేసినవారు, పాటించేవారు ఒక్కరే. 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం తరువాత, 2019 సెప్టెంబరులో మొదలైన పల్లె ప్రగతి కార్యక్రమంలో పన్నెండు వేలకు పైగా ఉన్న పంచాయతీలకు ట్రాక్టరు, చెత్త వేసే స్థలం, కంపోస్టు కొట్టం సమకూర్చడానికి పూనుకొన్నారు. ట్రాక్టరు తిరిగిన ఊరిలో వీధులు శుభ్రపడినవి. ఐతే కంపోస్టు కొట్టానికి వేరుచేసిన చెత్త చేరితేనే అక్కడ ఎరువు తయారవుతుంది. చేరకపోతే ఊరికొక చిన్న చెత్తకొండ తయారవుతుంది.

ఒక చిన్న లెక్క

రెండు వేల జనాభా గల ఒక ఊరిని ఊహించండి. తల ఒక్కింటికి దినానికి 250 గ్రాముల చెత్త వస్తుందనుకొంటే ఊరికి 500 కిలోలు. అందులో సగం కుళ్ళేది అనుకొంటే 250 కిలోలు. అది పెరటి గుంటలో, కంపోస్టు కొట్టంలో ఆగిపోతే, ట్రాక్టరు మోయవలసిన బరువు సగానికి తగ్గుతుంది. మిగిలిన 250 కిలోలలో కాగితం, అట్ట, గాజు, ఇనుము, శుభ్రమైన ప్లాస్టిక్ పాతసామానుల వర్తకునికి పోతే, నిజంగా పాతిపెట్టవలసినది చాలా కొద్ది. ఇప్పుడు అదే చెత్తను కలిపివేసినారనుకోండి. అన్నం మెతుకులతో తడిసిన కాగితాన్ని వర్తకుడు కొనడు. ప్లాస్టిక్ కలిసిన ఎరువును రైతు తీసుకోడు. 500 కిలోలకు 500 కిలోలూ ఎవరి పొలిమేరకో చేరవలసినదే. వేరుచేయడానికి ఇంటిలో అర నిమిషం పడుతుంది. కలిసిపోయిన తరువాత వేరుచేయడానికి యంత్రాలు, పనివారు, లక్షల రూపాయలు కావాలి. ఆ పనిలో చేతులు పెట్టేది చివరకు ఒక పేద మనిషి.

పాఠశాలలో ఈ లెక్కను పుస్తకంలో కాక త్రాసుతో చేయవచ్చు. మధ్యాహ్న భోజనం పిమ్మట మిగిలినదానిని, తరగతి గదిలోని కాగితాన్ని, ప్లాస్టిక్‌ను ఒక వారంపాటు వేరువేరుగా తూచి నల్లబల్లపై వ్రాయాలి. తడిచెత్తను, ఎండుటాకులను పెరటిలో గుంట తీసి పొరలుగా వేసి, ఉష్ణమాపకంతో లోపలి వేడిని దినదినమూ గుర్తించాలి. ఆ తరువాత విద్యార్థులు తమ ఊరి చెత్త ఎక్కడికి పోతున్నదో వెంబడించి చూసి, గ్రామసభలో అడగడం నేర్చుకోవాలి.

ఉట్నూరు దిబ్బలో శాస్త్రజ్ఞులకు దొరికినది పేడ బూడిద. దానిని పోగుచేసినవారు, దాని ప్రక్కన నివసించినవారు ఒక్కరే. జవహర్‌నగర్ దిబ్బను పోగుచేసినది ఒక నగరం, దాని గాలి పీల్చినది వేరొక ఊరు. నాలుగు వేల ఏండ్లలో వచ్చిన పెద్ద మార్పు ఇదే. ప్రజల భాగస్వామ్యం అంటే చీపురు పట్టి వీధి ఊడ్చే వారోత్సవం మాత్రమే కాదు. తన చెత్త పోయే ఊరి పేరు నగరవాసి తెలుసుకోవడం, తన పొలిమేరలోనికి ఏది రావాలో నిర్ణయించే హక్కు గ్రామానికి ఉండడం అందులో ముఖ్యభాగాలు. తెగిపోయిన పాత ఇచ్చిపుచ్చుకోలు తిరిగి కలవాలంటే, నగరం గ్రామానికి పంపేది రైతు చేతితో తాకి, ముక్కుతో చూసి, ఇష్టపడి తీసుకొనే ఎరువు కావాలి. ఆ ఎరువు తయారీ వంటింటి గుమ్మం వద్దనే మొదలవుతుంది.